విస్తరి ముందు పందెం వద్దు
(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. ఆ తర్వాత భోజనాలు. మన గోదావరి జిల్లాల్లో భోజనానికి ముందు మాట్లాడేవాడి కష్టం ఎలాంటిదో నాకు తెలుసు. వెనక గారెల మూకుడు చప్పుడు వినిపిస్తుంటే ముందున్నవాడి మాట ఎవరి చెవికెక్కుతుంది? అయినా నేనివాళ మాట్లాడబోయేది కూడా భోజనం గురించే కనుక కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

వచ్చే సంక్రాంతి వేడుకల్లో ముగ్గుల పోటీ, పాటల పోటీలతోపాటు గారెలు తినే పోటీ కూడా పెట్టాలని కార్యవర్గంలో ఒక ప్రతిపాదన వచ్చింది. పది నిమిషాల్లో ఎవరు ఎక్కువ గారెలు తింటే వారికి వెండి గిన్నె. చాలామంది చప్పట్లు కొట్టారు. నేనొక్కణ్ణే వద్దన్నాను. "వైద్య ఆరోగ్య శాఖలో ముప్పై ఆరేళ్లు పనిచేశారు కదా, ఎందుకు వద్దంటున్నారో సభలోనే చెప్పండి" అని అధ్యక్షులవారు ఆదేశించారు. నేను డాక్టరును కాను. హెల్త్ సూపర్‌వైజరుగా 2010లో రిటైరయినవాణ్ణి. చూసింది, చదివింది, అనుభవించింది మీ ముందు ఉంచుతాను. నిర్ణయం సభవారిదే.

ముందుగా ఒక మాట. మన ప్రాంతానికి తిండిమీద ఉన్న మమకారాన్ని నేను తప్పు పట్టడం లేదు. అది ఊరికే వచ్చింది కాదు. 1833 నాటి నందన కరువు మన పూర్వీకుల్ని ఎంత బాధించిందో చరిత్ర చదివినవారికి తెలుసు. ఆ తర్వాత కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. 1852 నాటికి పని పూర్తయింది. కాలువ నీళ్లు పారాయి, గాదెలు నిండాయి. ఆకలి తెలిసిన నేల కనుకనే అన్నం విలువ తెలిసింది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చిన బాటసారికి కూడా పొయ్యి వెలిగించి వండిపెట్టారు. ఆమె 1909లో కన్నుమూశారు. నూటపదిహేనేళ్ల తర్వాత, 2024లో, మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టారు. ఒక సంగతి గమనించండి. ఈ నేల చేతులెత్తి మొక్కింది పెట్టిన తల్లికి. తిన్నవాళ్లెంత తిన్నారో ఎవరూ లెక్క రాసుకోలేదు.

ఈనాటికీ మన అల్లుళ్ల మర్యాదలు దేశమంతా వింతగా చెప్పుకుంటుంది. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబంవారు కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన సంగతి పేపర్లలో వచ్చింది. అది పెట్టేవారి ముచ్చట. ఆ అబ్బాయి అన్నీ ఖాళీ చేయాలని ఎవరూ గడియారం పట్టుకుని కూర్చోలేదు. కొసరి వడ్డించడం వేరు, పందెం కట్టి తినిపించడం వేరు. రెండింటికీ మధ్య ఉన్న గీత చాలా సన్ననిది. ఆ గీత దాటితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

అది 1978. నేను ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. మురమళ్ల అవతల ఒక పల్లెటూళ్లో మా తోటి ఉద్యోగి చెల్లెలి పెళ్లికి నలుగురం కలిసి వెళ్లాం. మాలో ఒకాయన మంచి దిట్టమైన మనిషి. అప్పటికి ముప్పై ఏళ్లుంటాయి. మగపెళ్లివారి తరపున ఒక కుర్రాడు బంతిలో కూర్చుని "మీవైపు బూరెలు తినే మగాడున్నాడా?" అని కవ్వించాడు. ఇంకేముంది, పౌరుషాలు లేచాయి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. బూరెకు చిల్లి పెట్టడం, నెయ్యి పొయ్యడం, నోట్లో వెయ్యడం. లెక్క పెట్టడానికి ఒక మనిషి కావాలన్నారు. సున్నపుముక్క పుచ్చుకుని గోడమీద గీతలు గీసినవాణ్ణి నేనే.

ఇరవై దాటాక ఆయన ముఖాన చెమటలు పట్టాయి. "ఇక చాలు" అని నాకేసి చూశాడు. నేనేమన్నానో తెలుసా? "ఇంకో మూడు తింటే మనదే గెలుపు" అన్నాను. ఆయన తిన్నాడు. గెలిచాడు. భుజాలమీద ఎత్తుకుని పందిరంతా తిప్పాం.

రాత్రి పదిగంటలకు కడుపునొప్పి మొదలైంది. పొట్ట బిగిసిపోయి గుమ్మడికాయలా అయింది. వాంతి చేసుకోబోతే రాలేదు. మాలో ఎవరికీ ఏం చేయాలో పాలుపోలేదు. ఎదుర్లంక నుంచి యానానికి అప్పటికి వంతెన లేదు. ఎడ్లబండిమీద రేవుకు తీసుకువెళ్లి, నిద్రపోతున్న సరంగును లేపి, పడవమీద గౌతమి దాటించి, తెల్లవారేసరికి పట్నంలో పెద్దాసుపత్రికి చేర్చాం. ముక్కులోంచి గొట్టం వేశారు. కడుపు పట్టలేనంతగా సాగిపోయి, ఒకవైపు గోడకు రక్తం అందక కమిలిపోయిందన్నారు. ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారు. ప్రాణం దక్కింది. కాని ఆ మనిషి మళ్లీ కడుపునిండా భోజనం చేయలేదు. పాతికేళ్లపాటు పిడికెడు పిడికెడు చొప్పున రోజుకు ఆరుసార్లు తిని బతికాడు. తన కూతురి పెళ్లిలో అందరికీ తానే వడ్డించి, తాను మాత్రం చివరి బంతిలో ఒక మూల కూర్చుని మజ్జిగన్నం రెండు ముద్దలు తిన్నాడు.

ఆసుపత్రి వరండాలో ఆయన భార్య నన్ను అడిగిన మాట ఒకటుంది. కోపంగా కూడా అడగలేదు. "అన్నయ్యగారూ, లెక్క మీరే పెట్టారటగా?" అంది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నాదగ్గర సమాధానం లేదు. ఈ వేదికమీద నేను నిలబడటానికి కారణం అదే.

ఇక ఆ రాత్రి ఆయన కడుపులో ఏం జరిగిందో చెబుతాను. మన పొట్ట రబ్బరు సంచి వంటిది. ఖాళీగా ఉన్నప్పుడు గుప్పెడంత. సుఖంగా తింటే లీటరు దాకా పడుతుంది. బలవంతం చేస్తే మూడు నాలుగు లీటర్ల దాకా సాగుతుంది. అది సాగుతున్నప్పుడు గోడలలోని నరాలు మెదడుకు కబురు పంపిస్తాయి. పేగులలోంచి కొన్ని రసాయనాలు కూడా ఆ కబురే మోసుకువెళతాయి. అది పూర్తిగా అందడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. నిదానంగా తినేవాడికి ఆ కబురు వేళకు అందుతుంది. పది నిమిషాల పందెంలో కూర్చున్నవాడికి కబురు అందేసరికి పందెం అయిపోతుంది. అంటే ఈ పోటీలన్నీ ఆ కబురు చేరకముందే పని కానిచ్చేయడం అన్నమాట.

మన పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో పొట్టను నాలుగు పాళ్లు చేసి రెండు పాళ్లు అన్నానికి, ఒకటి నీళ్లకు, ఒకటి గాలికి వదలమన్నాడు. భారతంలో భీముణ్ణి వృకోదరుడన్నారు, అంటే తోడేలు కడుపువాడని. కాని బకాసురుడి బండెడన్నం ఆయన తిన్నది ఒక ఊరి ప్రాణాలు కాపాడటానికి. ఇక మాయాబజార్ సినిమాలో ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరివెళ్లడం చూసి 1957 నుంచి నవ్వుకుంటూనే ఉన్నాం. అది కెమెరా పనితనం. మన నోళ్లకు ఆ సదుపాయం లేదు.

ఈ పందేలు ఇప్పుడు పెళ్లిపందిరి దాటి పెద్ద వ్యాపారమయ్యాయి. అమెరికాలో న్యూయార్కు నగరంలోని కోనీ ఐలండులో ఏటా జూలై 4న హాట్‌డాగులు తినే పోటీ జరుగుతుంది. హాట్‌డాగంటే పొడుగాటి బన్నులో మాంసపు ముక్క పెట్టినది. 2001లో జపాను నుంచి కొబయాషి అనే బక్కపలచని యువకుడు వచ్చి 12 నిమిషాల్లో 50 తిన్నాడు. అంతకుముందు రికార్డు పాతిక చిల్లర. తర్వాత పోటీని 10 నిమిషాలకు కుదించారు. 2021లో జోయ్ చెస్ట్‌నట్ అనే అమెరికను ఆ పది నిమిషాల్లోనే 76 తిన్నాడు.

వీళ్లేమీ పుట్టుకతో రాక్షసులు కారు. సాధన చేస్తారు. ఆ సాధన ఎలాంటిదో వినండి. కొందరు తక్కువ వ్యవధిలో లీటర్లకొద్దీ నీళ్లు తాగి పొట్టను సాగదీస్తారు. కొందరు క్యాబేజీ, పుచ్చకాయ వంటివి కుప్పలుగా తింటారు. దవడలు గట్టిపడటానికి చూయింగ్ గమ్ నములుతారు. పోటీకి ముందు ఉపవాసం ఉంటారు. పోటీలో బన్నును నీళ్లలో ముంచి మెత్తన చేసుకుంటారు, ముక్కను రెండుగా విరుస్తారు, తిన్నది కిందికి దిగాలని ఒళ్లు కుదుపుతారు. ఈ సాధనంతా ఒక్కదానికోసం. కడుపు "చాలు" అని చెప్పే మాటను నోరెత్తకుండా చేయడానికి.

అది నిజంగా మూగబోతుందా అని అమెరికాలో ఫిలడెల్ఫియా వైద్యులు పరీక్షించి 2007లో ప్రకటించారు. ఒక పోటీ తిండిగాణ్ణి, ఒక మామూలు మనిషిని కూర్చోబెట్టి హాట్‌డాగులు తినిపిస్తూ ఎక్స్‌రే తెరమీద చూశారు. మామూలు మనిషి ఏడు తిని ఇక నావల్ల కాదన్నాడు. రెండో ఆయన పది నిమిషాల్లో 36 తిన్నాక వైద్యులే భయపడి ఆపించారు. ఆయన పొట్ట తిన్నదాన్ని కిందికి తోయడం దాదాపు మానేసి, వదులు సంచిలా పొత్తికడుపు పైభాగమంతా ఆక్రమించింది. ఆయనకు కడుపు నిండినట్టే అనిపించలేదు. ఇలా ఏళ్ల తరబడి చేస్తే పొట్ట శాశ్వతంగా పట్టు కోల్పోవచ్చని, ఆగని వాంతులు, విపరీతమైన స్థూలకాయం రావచ్చని, చివరకు పొట్ట తీసివేయవలసిన అవసరం కూడా పడవచ్చని ఆ వైద్యులు హెచ్చరించారు.

కొబయాషికి 2007లోనే దవడ కీలు అరిగి నోరు తెరవడం కష్టమైంది. 2024లో ఒక చిత్రంలో ఆయనే చెప్పుకున్నాడు, తనకిప్పుడు ఆకలి తెలియడం లేదని, ఆకలేసి తిని సంతోషపడేవాళ్లను చూస్తే అసూయగా ఉంటుందని. నన్నడిగితే దీన్ని మించిన శిక్ష లేదు. లోకంలో అందరికన్నా ఎక్కువ తిన్నవాడికి అన్నం రుచి ఇచ్చే ఆకలే పోయింది.

ఇక ప్రాణాపాయం. 2007 జనవరిలో కాలిఫోర్నియాలో ఒక రేడియోవారు నీళ్లు తాగే పోటీ పెట్టారు. పోటీలో పాల్గొన్న ఒక తల్లి అదే రోజు చనిపోయింది. వట్టి మంచినీళ్లు. విషం కాదు. ఒక్కసారిగా అన్ని నీళ్లు పడితే రక్తంలోని ఉప్పు పలచబడి మెదడు వాస్తుంది. 2002లో జపానులో ఒక బడిపిల్లవాడు టీవీలో పోటీలు చూసి మధ్యాహ్నభోజనంలో అలాగే తినబోయి రొట్టె అడ్డుపడి చనిపోతే, అక్కడి టీవీలవారు కొన్నేళ్లు ఆ కార్యక్రమాలు ఆపేశారు. అంతెందుకు, 2024 ఓణం పండుగకు కేరళలోని పాలక్కాడు జిల్లాలో ఇడ్లీలు తినే పోటీ పెట్టారు. ఒకాయనకు ఇడ్లీలు గొంతులో అడ్డుపడి ప్రాణం పోయింది. పసిపిల్లలకు, జ్వరమొచ్చినవాళ్లకు పెట్టే ఇడ్లీ అండీ! ఇడ్లీయే అలా చేస్తే గారె సంగతేమిటి?

వైద్యగ్రంథాల్లో పాత కేసు ఒకటుంది. డచ్చివారు మన పాలకొల్లులో వర్తకం చేసుకుంటున్న రోజుల్లోనే, 1723లో, వాళ్ల దేశంలో వాసెనార్ అనే నౌకాసేనాధిపతి విందులో అతిగా తిని, కడుపు తేలికపడటానికి వాంతి మందు వేసుకున్నాడు. అన్నవాహిక చిట్లిపోయి మరునాడు చనిపోయాడు. బోర్‌హావే అనే వైద్యుడు శరీరాన్ని కోసి చూసి ఆ సంగతి 1724లో రాశాడు. ఈనాటికీ ఆ జబ్బును ఆయన పేరుతోనే పిలుస్తారు. కనుక అతిగా తిన్నాక వేళ్లు పెట్టి కక్కుకుంటే సరిపోతుందనుకోవడం కూడా ప్రమాదమే.

ఇవన్నీ వయసులో ఉన్నవారి విషయం. మన సంగతి వేరు. ఈ హాలులో అరవై దాటనివారు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. చూశారా! మనకు లాలాజలం తగ్గింది. కట్టుడు పళ్లతో నమలడం సరిగా కుదరదు. మింగే కండరాలు బలహీనపడ్డాయి. పొలమారితే గట్టిగా దగ్గే శక్తి తగ్గింది. జపానులో కొత్త సంవత్సరానికి మోచి అని బియ్యంతో చేసే జిగురు ఉండలు తింటారు. ఏటా ఆ పండుగ రోజుల్లో వృద్ధులు అవి గొంతుకడ్డుపడి చనిపోతూనే ఉంటారు. చిన్న ముక్కలు చేసుకుని తినండని అక్కడి అధికారులు ప్రకటనలు ఇస్తారు.

తర్వాత గుండె. భోజనం కాగానే రక్తం ఎక్కువగా జీర్ణకోశానికి మళ్లుతుంది. పెద్దవాళ్లకు బి.పి. పడిపోయి కళ్లు తిరుగుతాయి. మామూలుకంటే బాగా ఎక్కువ తిన్న తర్వాత రెండు గంటల్లోపు గుండెపోటు ముప్పు సుమారు నాలుగు రెట్లు ఉంటుందని 2000 సంవత్సరంలో అమెరికా హృద్రోగ సంఘం సమావేశంలో ఒక పరిశీలన వినిపించారు. షుగరున్నవారు మనలో సగంమంది ఉంటారు. పోటీకోసం పొద్దున్నే మాత్ర వేసుకుని టిఫిను మానేస్తే షుగరు పడిపోతుంది. పోటీలో తింటే ఒక్కసారిగా పెరుగుతుంది. ఏళ్ల తరబడి షుగరున్నవారికి పొట్ట నరాలు దెబ్బతిని తిన్నది కిందికి దిగడమే ఆలస్యమవుతుంది. పిత్తాశయంలో రాళ్లున్నవారికి నూనె సరుకు ఎక్కువైతే నొప్పి తిరగబెడుతుంది. "సరదాకే కదా" అంటారు. మన బూరెల పందెం కూడా సరదాకే మొదలైంది.

గొంతుకు అడ్డుపడితే ఏం చేయాలో ప్రతి ఇంట్లో తెలియాలి కనుక అదీ చెబుతాను. మనిషి దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి. మాట రాక, ఊపిరాడక గొంతు పట్టుకుంటే ఆలస్యం చేయకండి. ముందుకు వంచి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా అయిదు దెబ్బలు కొట్టండి. రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని, లోపలికీ పైకీ అయిదుసార్లు బలంగా లాగండి. ఈ రెండో పద్ధతిని 1974లో హైమ్లిక్ అనే అమెరికా సర్జను ప్రచారంలోకి తెచ్చాడు. అడ్డు తొలగేదాకా రెండూ మార్చి మార్చి చేయండి. ఈలోగా ఒకరు 108కి ఫోను చేయాలి. స్పృహ తప్పితే పడుకోబెట్టి ఛాతీమీద నొక్కడం మొదలుపెట్టాలి. నీళ్లు పొయ్యకండి. కనిపించని ముక్కకోసం నోట్లో వేళ్లు పెట్టి కెలకకండి, అది ఇంకా లోపలికి పోతుంది.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. మన మనవలు సెల్‌ఫోన్లలో పళ్లాలకు పళ్లాలు ఖాళీ చేసేవారిని చూస్తున్నారు. అరగంటలో ఇంత బిర్యానీ తింటే డబ్బు కట్టనక్కర్లేదని హోటళ్లవారు బోర్డులు పెడుతున్నారు. చైనాలో 2021లో ఆహార వృథాను అరికట్టే చట్టం తెచ్చి ఇలాంటి అతితిండి వీడియోలను నిషేధించారు. మనకు చట్టం అక్కర్లేదు. తాతగారు ఏం చేస్తే మనవడు అదే చేస్తాడు. రేపు మనం వెండి గిన్నెకోసం గారెలు కుక్కుకుంటూ కనిపిస్తే, ఆ తర్వాత వాడికి మనం చెప్పే మాటకు విలువేముంది?

అందుచేత నా సవరణ ప్రతిపాదన ఇది. వెండి గిన్నె అలాగే ఉంచండి. గారెలు కూడా వండించండి. పోటీ మాత్రం మార్చండి. కళ్లకు గంతలు కట్టి ఒక్కొక్క చెంచా పులుసు రుచి చూపించి, అందులో ఏయే దినుసులు పడ్డాయో చెప్పమందాం. పనసపొట్టు కూరలో ఆవ ఎంత పడిందో, పప్పుచారులో ఇంగువ ఉందో లేదో నాలుక చెప్పాలి. అరవై ఏళ్ల అనుభవం అక్కరకొచ్చే పోటీ ఇది. ఇందులో కుర్రాళ్లు మనమీద గెలవలేరు. లేదా వడ్డన పోటీ పెట్టండి, ఎవరి బంతిలో ఎక్కువమంది తృప్తిగా లేచారో చూద్దాం. మిగిలిన గారెలు పెద్దాసుపత్రి వరండాలో రోగులకు తోడుగా వచ్చి పస్తులుండేవారికి పంపిద్దాం. ఆ వరండాలో ఒక రాత్రంతా కూర్చున్నవాణ్ణి కనుక అక్కడి ఆకలి నాకు తెలుసు.

అప్పుడు కావాలంటే లెక్క పెట్టే పని మళ్లీ నాకే ఇవ్వండి. ఎంతమందికి పెట్టామో రాస్తాను.

అవతల విస్తళ్లు వేస్తున్నట్టున్నారు. నిదానంగా నమలండి, కబుర్లు చెప్పుకుంటూ తినండి. ఇంకో రెండు ముద్దలు పడతాయనిపించినప్పుడే మజ్జిగ పోయించుకోండి. ఎవరైనా మారు వడ్డించబోయి "మొహమాటపడకండి" అంటే చెయ్యి అడ్డం పెట్టండి. అందులో అవమానమేమీ లేదు.